నక్షత్రం దగ్గరికి వెళ్లకుండానే దాని పుట్టుపూర్వోత్తరాలు ఎలా చెబుతారు? మరి గ్రహాలకు నౌకలెందుకు?

మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. సూర్యుణ్ణి మినహాయిస్తే ఏ నక్షత్రం దగ్గరికీ మన యంత్రాలు వెళ్లలేదు కదా, అయినా అది దేనితో తయారైందో, దాని వయసెంతో, ఎలా అంతమవుతుందో శాస్త్రజ్ఞులు అంత నమ్మకంగా ఎలా చెబుతున్నారన్నది మొదటిది. కేవలం కాంతిని చూసే అన్నీ తెలుసుకోగలిగినప్పుడు చంద్రుడికీ అంగారకుడికీ వందల కోట్లు ఖర్చుపెట్టి నౌకలు పంపడం దేనికన్నది రెండోది. బి.ఎస్సీ. రెండో సంవత్సరం చదువుతున్నానని, ఖగోళశాస్త్రంలో ఎక్కడ మొదలుపెట్టాలో కూడా చెప్పమని రాశారు. డిగ్రీ విద్యార్థులకు చాలా కాలం వర్ణపటశాస్త్రం, అంటే కాంతిని రంగులుగా విడదీసి చదివే శాస్త్రం, బోధించినవాడిగా నాకు ఈ రెండూ ఒకే ప్రశ్నకు రెండు కొసలుగా కనిపిస్తాయి. కాంతి తాను బయలుదేరిన పొర గురించి మాత్రమే నిజం చెబుతుంది. నక్షత్రానిది సొంత వెలుగు, గ్రహానిది అరువు వెలుగు. ఈ తేడా పట్టుకుంటే మిగతాదంతా దానంతటదే విడివడుతుంది.

మీ కళాశాల ప్రయోగశాలలో సోడియం దీపం ముందు కాంతిని విడదీసి కొలిచే స్పెక్ట్రోమీటర్ పెట్టి, సన్నని గీతల పలక అయిన గ్రేటింగ్‌తో ప్రయోగం చేసే ఉంటారు. దూరదర్శినిని మెల్లగా పక్కకు తిప్పుతూ పోతే మొదట ఒకే పసుపు రేఖ కనిపిస్తుంది. చీలికను ఇంకాస్త సన్నగా బిగించి రంగులు ఇంకా ఎడంగా విడిపోయే రెండో క్రమానికి వెళ్లి చూస్తే అది రెండు రేఖలుగా విడిపోతుంది. తరంగదైర్ఘ్యం లెక్కలో ఒకటి 5890 ఆంగ్‌స్ట్రామ్‌ల (ఒక ఆంగ్‌స్ట్రామ్ అంటే మీటరులో వెయ్యి కోట్లవ వంతు) దగ్గర, మరొకటి 5896 దగ్గర ఉంటాయి. ఆ జంట అదే చోట, అదే ఎడంతో కనిపించిందంటే అక్కడ సోడియం ఉన్నట్టే, అది మీ బల్ల మీది దీపమైనా సరే, వేల కాంతి సంవత్సరాల దూరంలోని నక్షత్రమైనా సరే. రికార్డు పుస్తకంలో మార్కుల కోసం రాసే ఆ రెండు అంకెలే ఖగోళ భౌతికశాస్త్రానికి పునాది అని చాలామంది విద్యార్థులకు ఎవరూ చెప్పరు.

ఈ పునాదిలో ఒక రాయి మన నేల మీదే పడింది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ తెలుగు ప్రాంతం మీదుగా సాగింది. ఫ్రాన్స్ నుంచి వచ్చిన పియర్ జాన్సెన్ గుంటూరులోను, మద్రాసు వేధశాల అధిపతి నార్మన్ పాగ్సన్ మచిలీపట్నంలోను, అదే వేధశాలకు చెందిన చింతామణి రఘునాథాచారి వనపర్తిలోను పరికరాలు అమర్చుకుని ఎదురుచూశారు. బింబం పూర్తిగా మూసుకుపోయిన ఆ ఐదు నిమిషాల పైచిలుకు వ్యవధిలో, సూర్యుడి అంచున ఎగసే ఎర్రటి జ్వాలల కాంతిని విడదీసి చూసినప్పుడు, అవిచ్ఛిన్నమైన రంగుల పట్టీకి బదులు విడివిడిగా మెరిసే రేఖలు కనిపించాయి. అంటే ఆ జ్వాలలు వేడెక్కిన వాయువు. వాటిలో ప్రధానమైనది హైడ్రోజన్. ఆ రేఖలు ఎంత ప్రకాశంగా ఉన్నాయంటే, గ్రహణం లేకపోయినా వీటిని చూడవచ్చని జాన్సెన్‌కు అక్కడికక్కడే తోచింది. మరునాడు ఉదయం గుంటూరులోనే మామూలు పగటి సూర్యుడి మీద ఆ పని చేసి చూపించారు.

అదే గ్రహణంలో కనిపించిన పసుపు రేఖను చాలామంది సోడియం రేఖగానే భావించారు. ఆ సంవత్సరం అక్టోబరు 20న ఇంగ్లండులో నార్మన్ లాకియర్ దాన్ని కొలిచి చూస్తే అది సోడియం జంటకు పక్కన, 5876 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర ఉంది. తేడా 14 ఆంగ్‌స్ట్రామ్‌లు మాత్రమే. భూమి మీద తెలిసిన ఏ మూలకానికీ ఆ రేఖ లేదు కనుక దానికి సూర్యుడి పేరే పెట్టి హీలియం అన్నారు. విలియం రామ్సే యురేనియం ఉన్న ఒక ఖనిజం నుంచి అదే వాయువును రాబట్టింది 1895లో, అంటే 27 ఏళ్ల తరువాత. హీలియాన్ని గుంటూరులో కనుగొన్నారని మనవాళ్లు తరచూ రాస్తుంటారు. కచ్చితంగా చెప్పాలంటే జాన్సెన్ కాకినాడ నుంచి ప్యారిస్‌కు రాసిన ఉత్తరంలో జ్వాలల గురించీ, వాటిని రోజూ చూసే పద్ధతి గురించీ ఉంది గానీ కొత్త మూలకం ప్రస్తావన లేదు. గుంటూరుకు దక్కవలసిన గౌరవం ఆ పద్ధతికి దక్కాలి. అదేమీ తక్కువ గౌరవం కాదని నా అభిప్రాయం, ఎందుకంటే గ్రహణాల కోసం ఏళ్ల తరబడి కాచుకోకుండా సూర్యుణ్ణి ప్రతిరోజూ పరిశీలించే శాస్త్రం అక్కడినుంచే మొదలైంది.

ఏ మూలకాలున్నాయో తెలియడం ఒక మెట్టు, ఎంత మోతాదులో ఉన్నాయో తెలియడం దానికి చాలా పైమెట్టు. ఇక్కడే చాలామంది పొరబడతారు, ఒకప్పుడు శాస్త్రలోకమంతా పొరబడింది. సూర్యుడి పై పొరలోని పరమాణువులు లోపలి కాంతిని మింగిన చోట వర్ణపటంలో నల్లటి రేఖలు పడతాయి; వాటిలో కాల్షియం, ఇనుము రేఖలు గాఢంగా ఉంటాయి కాబట్టి సూర్యుడు కూడా దాదాపు భూమిలాంటి పదార్థంతోనే తయారై ఉంటాడని అనుకునేవారు. నిజానికి రేఖ గాఢతను నిర్ణయించేది మూలకం మోతాదు ఒక్కటే కాదు, ఉష్ణోగ్రత కూడా. హైడ్రోజన్ మన కంటికి కనిపించే రేఖలను మింగాలంటే దాని ఎలక్ట్రాన్ ముందే రెండో శక్తిస్థాయికి ఎక్కి ఉండాలి. సూర్యుడి ఉపరితలం మీది సుమారు 5,500 డిగ్రీల సెల్సియస్ వేడిలో అలా ఎక్కి ఉన్న పరమాణువులు కోట్లలో ఒకటి కూడా ఉండవు. కాల్షియానికి ఆ ఇబ్బంది లేదు, అదే వేడిలో అది ఒక ఎలక్ట్రాన్‌ను పోగొట్టుకుని, బలమైన రేఖలకు సరిగ్గా అనువైన స్థితిలో ఉంటుంది. ఏ వేడి దగ్గర, ఏ పీడనం దగ్గర ఎన్ని పరమాణువులు అయనీకరణం చెందుతాయో, అంటే ఎలక్ట్రాన్లను పోగొట్టుకుంటాయో, లెక్కగట్టే సమీకరణాన్ని 1920లో మేఘనాద్ సాహా ఇచ్చారు. ఆ సమీకరణాన్ని హార్వర్డ్‌లోని వేల వర్ణపటాలకు అన్వయించి, నక్షత్రాలలో ఉన్నది అత్యధికంగా హైడ్రోజన్, ఆ తరువాత హీలియం అని 1925లో తన పరిశోధన గ్రంథంలో తేల్చింది సిసిలియా పేన్. ఆమె వయసు అప్పుడు పాతికేళ్లు. ఆనాటి పెద్ద శాస్త్రజ్ఞుడైన హెన్రీ నోరిస్ రస్సెల్ అది అసంభవమని చెప్పడంతో, ఆ ఫలితం బహుశా నిజం కాకపోవచ్చని ఆమె తన గ్రంథంలోనే రాసుకోవలసి వచ్చింది. నాలుగేళ్ల తరువాత రస్సెల్ వేరే దారిలో అదే నిర్ణయానికి వచ్చి ఆమె చెప్పింది సరైనదేనని ఒప్పుకున్నారు. సూర్యుడి ద్రవ్యరాశిలో సుమారు నాలుగింట మూడు వంతులు హైడ్రోజన్, నాలుగో వంతు హీలియం, మిగతా మూలకాలన్నీ కలిపి రెండు శాతం లోపేనన్న ఇప్పటి లెక్కకు మూలం అదే.

ఇక వయసు సంగతి. ఒంటరి నక్షత్రం వయసు చెప్పడం నిజంగానే కష్టం. గుంపులో ఉన్న నక్షత్రాల వయసు చెప్పడం తేలిక, ఎందుకంటే ఒక గుంపులోని నక్షత్రాలన్నీ ఒకే వాయుమేఘం నుంచి దాదాపు ఒకేసారి పుడతాయి. బరువైన నక్షత్రంలో ఇంధనం ఎక్కువే అయినా ఖర్చు అంతకు ఎన్నో రెట్లు ఎక్కువ. సూర్యుడికి హైడ్రోజన్‌ను మండించుకునే ఆయుర్దాయం సుమారు 1,000 కోట్ల సంవత్సరాలైతే, సూర్యుడికి పది రెట్లు బరువున్న నక్షత్రం రెండు మూడు కోట్ల ఏళ్లకే ఇంధనం తగలేసుకుంటుంది. కనుక ఒక గుంపులో ఏ బరువు దాకా నక్షత్రాలు ఇంకా మామూలుగా వెలుగుతున్నాయో, ఏ బరువు నుంచి పైవి ఉబ్బి ఎర్రబడ్డాయో చూస్తే ఆ గుంపు వయసు బయటపడుతుంది.

దీన్ని మీరు మీ మేడ మీదినుంచే చూడవచ్చు. చలికాలపు సాయంత్రాల్లో నడినెత్తికి దగ్గరగా వచ్చే కృత్తికలను (ఆంగ్లంలో ప్లీయడీస్) బైనాక్యులర్స్‌తో చూడండి. వాటిలో ప్రకాశవంతమైనవన్నీ నీలి ఛాయతో తెల్లగా ఉంటాయి. అక్కడినుంచి కొంచెం తూర్పుకు జరిగితే రోహిణి, దాని చుట్టూ పడుకోబెట్టిన ఆంగ్ల అక్షరం ‘వి’ ఆకారంలో మన పూర్వులు రోహిణీ శకటమన్న గుంపు (ఆంగ్లంలో హైయడీస్) ఉంటాయి. ఆ శకటంలో కృత్తికలంత వేడి నీలి నక్షత్రం ఒక్కటి కూడా లేదు, బదులుగా పసుపు నారింజ రంగుకు తిరిగిన దిగ్గజాలు నాలుగు కనిపిస్తాయి. కృత్తికల వయసు పది కోట్ల ఏళ్లకు కాస్త అటూ ఇటూ, శకటం వయసు అరవై కోట్లకు పైమాటే. ఆ రంగుల తేడాయే ఈ వయసుల తేడా. రోహిణి మాత్రం ఆ గుంపుకు చెందదని గుర్తుంచుకోండి. శకటం సుమారు 150 కాంతి సంవత్సరాల దూరంలో ఉంటే రోహిణి 65 కాంతి సంవత్సరాల దగ్గరే, మనకూ ఆ గుంపుకూ నడుమ నిలిచి ఉంది.

ఆ దూరాలనైనా వర్ణపటంతో కొంతమేరకు అంచనా వేయవచ్చు. హైదరాబాదులో పెరిగి నిజాం కళాశాలలో చదివిన వేణు బాపు, ఆలిన్ విల్సన్‌తో కలిసి 1957లో ప్రకటించిన ఫలితం ఇదే. చల్లని నక్షత్రాల వర్ణపటంలో కాల్షియం వల్ల ఏర్పడే, ‘కె’ అని పేరున్న నల్లటి రేఖ నట్టనడుమ కనిపించే సన్నని వెలుగు గీత ఎంత వెడల్పుగా ఉంటే ఆ నక్షత్రపు అసలు ప్రకాశం అంత ఎక్కువ. అసలు ప్రకాశం తెలిస్తే, మనకు కనిపించే ప్రకాశంతో పోల్చి దూరం కట్టవచ్చు. బాపు తండ్రి నిజామియా వేధశాలలో ఉద్యోగి. ఆ వేధశాల పేరు కూడా తెలియకుండా హైదరాబాదులో భౌతికశాస్త్రం పట్టా పుచ్చుకునేవారు ఉండడం నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది.

నక్షత్రాల మరణం గురించి పాఠ్యపుస్తకాలలో మీరు చదివే ఉంటారు కనుక క్లుప్తంగా చెబుతాను. సూర్యుడివంటివి ఉబ్బి, పై పొరలు విడిచి, తెల్ల మరుగుజ్జులనే చిన్న, దట్టమైన నక్షత్రాలుగా మిగులుతాయి. ఆ మరుగుజ్జు బరువు సూర్యుడికి 1.4 రెట్లు దాటితే నిలవలేదని ఖగోళ భౌతికశాస్త్రజ్ఞుడు సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ చూపించారు. సూర్యుడికి ఎనిమిది రెట్లకు మించి బరువుతో పుట్టినవి సాధారణంగా సూపర్‌నోవాగా పేలతాయి. వీటికి ఆధారాలేమిటన్నదే మీ అసలు ప్రశ్న, కాబట్టి రెండు ఆధారాల దగ్గర ఆగుదాం.

మొదటిది టెక్నీషియం. ఈ మూలకానికి స్థిరమైన ఐసోటోపు (ఒకే మూలకపు పరమాణువుల్లో బరువు వేరుగా ఉండే రకం) ఒక్కటి కూడా లేదు. అన్నిటికంటే ఎక్కువ కాలం నిలిచే ఐసోటోపు అర్ధాయువు, అంటే సగం క్షయమవడానికి పట్టే కాలం, కూడా సుమారు 42 లక్షల ఏళ్లే. 1952లో పాల్ మెరిల్ కొన్ని ముదిమి మీదపడిన ఎర్ర నక్షత్రాల వర్ణపటాలలో టెక్నీషియం రేఖలను గుర్తించారు. ఆ నక్షత్రాల వయసు కోట్ల ఏళ్లు. పుట్టినప్పుడే వాటిలో టెక్నీషియం ఉండి ఉంటే ఈపాటికి ఆనవాలు లేకుండా క్షయమైపోయేది. అందువల్ల అది ఆ నక్షత్రాల కడుపులోనే ఈమధ్య కాలంలో తయారై పైకి తేలి ఉండాలి. నక్షత్రాలు మూలకాలను తయారుచేస్తాయనడానికి ఇంతకంటే సూటియైన సాక్ష్యం మరొకటి నాకు తెలియదు.

రెండోది 1987 ఫిబ్రవరి 23న కనిపించిన సూపర్‌నోవా. మన పాలపుంతకు పొరుగున, 1.6 లక్షల పైచిలుకు కాంతి సంవత్సరాల దూరంలోని పెద్ద మెజిల్లానిక్ మేఘంలో ఒక నక్షత్రం పేలింది. దాని వెలుగు మనకు కనిపించడానికి కొన్ని గంటల ముందే జపాన్, అమెరికా, సోవియట్ దేశాల భూగర్భ పరికరాలలో కలిపి సుమారు రెండు డజన్ల న్యూట్రినోలు (పదార్థాన్ని దాదాపు తాకకుండానే దూసుకుపోయే కణాలు) నమోదయ్యాయి. కూలిపోయిన నక్షత్ర గర్భం నుంచి న్యూట్రినోలు సూటిగా బయటపడగా, పేలుడు తాకిడి ఉపరితలానికి చేరితే గానీ కాంతి బయలుదేరలేదు. అందుకే ఆ ముందువెనుకలు. నక్షత్ర గర్భం కూలుతుందని అప్పటిదాకా లెక్కల్లో మాత్రమే ఉన్న మాట నిజమని అలా రుజువైంది. ఆ పేలిన నక్షత్రం పాత ఫోటోలలో ముందే నమోదై ఉంది. అటువంటిది పేలేముందు ఎర్రగా ఉంటుందని అందరూ అనుకుంటుండగా అది నీలి నక్షత్రం అని తేలింది. లోపల గర్భం కూలడానికి సిద్ధంగా ఉన్న సంగతి పైనుంచి వచ్చే కాంతిలో లేదు. కాంతికి ఉన్న హద్దు మొదటిసారి బాధగా తెలిసేది ఇక్కడే.

గ్రహాల దగ్గరికి వచ్చేసరికి ఆ హద్దు మరింత దగ్గరపడుతుంది. గ్రహం మీద పడి తిరిగివచ్చే సూర్యకాంతి, అది ఏ పొరను తాకి వెనుదిరిగిందో ఆ పొర గురించే చెబుతుంది. శుక్రుడి విషయంలో ఆ పొర మేఘాలది. ఆ మేఘాల కింద సముద్రాలుంటాయని ఊహించినవారు ఇరవయ్యో శతాబ్దం నడుమ దాకా ఉన్నారు. భూమి నుంచి రేడియో తరంగాలతో కొలిస్తే విపరీతమైన వేడి కనిపించింది గానీ, ఆ వేడి నేలదో పై వాతావరణానిదో తేలలేదు. 1962 డిసెంబరు 14న అమెరికా నౌక మారినర్ 2 పక్కనుంచి దూసుకుపోతూ కొలిచాక అది నేల వేడేనని తేలింది. దాదాపు ఇరవై ఏళ్ల తరువాత సోవియట్ నౌక వెనెరా 13 అక్కడ దిగి, సుమారు 457 డిగ్రీల వేడిలో, భూమి మీదికంటే 89 రెట్ల ఒత్తిడిలో 127 నిమిషాలు పనిచేసి, ఆ రాతిని తవ్వి విశ్లేషించింది.

అంగారకుడి కథ ఇంకా గుణపాఠంలాంటిది. 1950లలో విలియం సింటన్ అంగారకుడి పరారుణ కాంతిలో 3.4 మైక్రోమీటర్ల ప్రాంతంలో కొన్ని శోషణ పట్టీలను గమనించారు. మొక్కలలోని కర్బన పదార్థాలు అక్కడే కాంతిని మింగుతాయి కనుక, అంగారకుడి మీద వృక్షజాలం ఉండవచ్చన్న మాట చాలా దూరం వెళ్లింది. 1965లో తేలిందేమంటే, ఆ పట్టీలలో రెండు మన భూమి గాలిలోని నీటి ఆవిరివి, అందులోనూ బరువైన హైడ్రోజన్ ఉన్న నీటి అణువులవి. పరికరంలో లోపం లేదు, కొలతలో అబద్ధం లేదు. దారిలో మన గాలే అడ్డుపడి సాక్ష్యాన్ని మార్చేసింది. అదే ఏడాది జూలైలో మారినర్ 4 పంపిన చిత్రాలలో బిలాలతో నిండిన బీడు నేల కనిపించింది.

చంద్రుడి మీది నీటి జాడకూ ఇదే చిక్కు. నీటి అణువులు కాంతిని మింగే 3 మైక్రోమీటర్ల ప్రాంతంలో మన వాతావరణం దాదాపు మూసిన తలుపు. 2008 అక్టోబరు 22న శ్రీహరికోట నుంచి బయలుదేరిన చంద్రయాన్-1లో నాసా అమర్చిన ఖనిజ పటలేఖన పరికరం చంద్రుడి కక్ష్యలోంచి అదే సూర్యకాంతిని మన గాలి అడ్డు లేకుండా చూడగలిగింది. అందుకే 2009లో చంద్రుడి మీద నీటి జాడ తేలింది. అంటే అక్కడ నౌక చేసిన పని కాంతిని పక్కనపెట్టడం కాదు, దారిలోని కల్తీని తొలగించడం. చంద్రయాన్-3 ఇంకో అడుగు ముందుకు వేసింది. 2023 ఆగస్టు 23న దిగిన తరువాత, ప్రజ్ఞాన్ రోవర్‌లోని లిబ్స్ పరికరం లేజర్ మెరుపులతో మట్టిని కాల్చి, అక్కడికక్కడ వెలిగే వేడి వాయువుగా, అంటే చిన్న ప్లాస్మాగా మార్చి, దాని సొంత వెలుగును విడదీసి చూసింది. అలా గంధకం ఉనికి నేరుగా నిర్ధారణ అయింది. అరువు వెలుగుతో బతికే నేలను ఒక్క క్షణం నక్షత్రంలా సొంతంగా వెలిగించి, మీ సోడియం దీపం ముందు మీరు చేసిన పనే చేశారన్నమాట. దిగిన నౌక విక్రమ్‌లోని చేస్టే అనే సూది మాత్రం ఏ కాంతీ చేయలేని పని చేసింది. మట్టిలోకి 10 సెంటీమీటర్ల దాకా దిగి వేడిని కొలిచింది. పగటిపూట పైన నేల 50 డిగ్రీలు దాటి మండుతుంటే, 8 సెంటీమీటర్ల లోతున సున్నాకు దిగువన సుమారు 10 డిగ్రీలు ఉంది.

నక్షత్రాల కథా గ్రహయాత్రల కథా నిజంగా కలిసేది మాత్రం తెచ్చిన నమూనాల దగ్గర. 1969లో ఆస్ట్రేలియాలోని మర్చిసన్ దగ్గర పడిన ఉల్కలో, సౌరకుటుంబం పుట్టకముందే ఇతర నక్షత్రాల నుంచి ఎగిరివచ్చిన సిలికాన్ కార్బైడ్ రేణువులు దొరికాయి. మైక్రోమీటర్లలో కొలవవలసిన ఆ రేణువుల ఐసోటోపుల నిష్పత్తులు సూర్యుడివాటితో సరిపోలవు, వృద్ధాప్యంలోని ఎర్ర దిగ్గజాలకు వేసిన లెక్కలతో సరిపోతాయి. 2004లో అటువంటి రేణువులలో రుథీనియం-99 ఉండవలసిన దానికంటే ఎక్కువ ఉందని, ఆ మిగులు టెక్నీషియం క్షయమై మారినదేనని చూపించారు. 1952లో మెరిల్ కాంతిలో చూసిన టెక్నీషియమే ఇక్కడ ధూళిగా చేతికందింది. జపాన్ నౌక హయబుసా-2 ర్యుగు గ్రహశకలం నుంచి 2020 డిసెంబరులో తెచ్చిన 5 గ్రాముల పైచిలుకు మట్టిలో కూడా సూర్యుడికంటే పాతవైన రేణువులున్నాయి. ఉల్క భూమి మీద పడ్డాక మన గాలీ నీరూ దాన్ని మార్చే అవకాశం ఉంది. మూత బిగించి తెచ్చిన మట్టికి ఆ బెడద చాలా తక్కువ. ఐసోటోపులను అంత సూక్ష్మంగా దూరపు కాంతి నుంచి రాబట్టలేం, రేణువు ప్రయోగశాల బల్ల మీదికి రావలసిందే. నౌకలెందుకన్న మీ ప్రశ్నకు నేను ఇచ్చే గట్టి సమాధానం ఇదే.

ఇక ఎక్కడ మొదలుపెట్టాలన్నది. దూరదర్శిని కొనడానికి తొందరపడవద్దని నా సలహా. ముందుగా డేటాతో పని నేర్చుకోండి. చంద్రయాన్ యాత్రల, సూర్యుణ్ణి పరిశీలించే ఆదిత్య-ఎల్1 యాత్ర సమాచారాన్ని ఇస్రో తన ప్రదాన్ వెబ్‌సైట్‌లో పేరు నమోదు చేసుకున్నవారికి ఉచితంగా ఇస్తోంది. యూరప్ వారి గయా ఉపగ్రహం కొలిచిన కోటానుకోట్ల నక్షత్రాల దూరాలు, రంగులు కూడా అందరికీ అందుబాటులో ఉన్నాయి. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష కొద్దిగా వస్తే చాలు. గయా సమాచారంలోంచి కృత్తికలను, రోహిణీ శకటాన్ని విడివిడిగా ఏరుకుని, అడ్డంగా రంగు, నిలువుగా అసలు ప్రకాశం పెట్టి రెండింటినీ ఒకే పటం మీద గీయండి. పై కొసన రెండు వరుసలు వేర్వేరు చోట్ల వంపు తిరుగుతాయి. ఆ వంపు దగ్గరి నక్షత్రాల బరువును బట్టి వయసును మీరే లెక్కగట్టవచ్చు. ఏరుకునేటప్పుడు ఆకాశంలో స్థానం ఒక్కటే చూస్తే ముందూ వెనుకా ఉన్న పరాయి నక్షత్రాలు కలిసిపోతాయి కనుక, నక్షత్రాలు ఏటేటా జరిగే దిశను, వేగాన్ని కూడా సరిపోల్చండి. ఇంకొక జాగ్రత్త కూడా అవసరం. శకటం మనకు బాగా దగ్గర కావడం వల్ల దాని ముందు అంచుకూ వెనుక అంచుకూ దూరంలో చెప్పుకోదగిన తేడా ఉంటుంది. గుంపు మొత్తానికి ఒకే సగటు దూరం వాడితే వరుస చెదిరిపోయి లావుగా కనిపిస్తుంది. ఒక్కొక్క నక్షత్రానికి దాని సొంత దూరాన్నే వాడండి.